ఎవరూ లేరని చెప్పిన ఓడ

"మీ ఓడ మునిగినా మీరు మునగరు. నీళ్ళలో ఒక్క మనిషి మిగిలి ఉన్నంతవరకూ నా ఓడ వెనక్కి తిరగదు. ఇది నా మాట."

ఈ మాట అన్నవాడు కమాండర్ పెవెరిల్. అన్నది గ్రీనాక్ రేవులో, సరుకు ఓడల కెప్టెన్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి. అది యుద్ధం మొదలయ్యాక రెండో శీతాకాలం. జలాంతర్గాములు గుంపులుగా వచ్చి అట్లాంటిక్‌లో ఓడల్ని ఏరుకుని తింటున్న రోజులు. ఆ ఓడల బృందానికి కాపలాగా వెళ్ళే డెస్ట్రాయర్ అనే యుద్ధనౌక పెవెరిల్‌ది. పేరు కోల్డ్‌మూర్.

మాట వినగానే కెప్టెన్లు బల్లలు చరిచారట. ఆర్డ్‌మోయిల్ అనే సరుకు ఓడ కెప్టెన్ తన ఓడకు పోయి ఆ మాట పొల్లుపోకుండా మనుషులకు చెప్పాడు. ఆ మనుషుల్లో మా అన్న రోరీ ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళు. ఓడ వడ్రంగికి చేతికింద పనివాడు. బయల్దేరే ముందు ఒక్క పూట ఇంటికొచ్చి, జావ తాగుతూ అమ్మతో అన్నాడు - "ఇంకేం భయం లేదమ్మా. ఈసారి మా వెనక కరిచే కుక్క ఉంది."

ఆర్డ్‌మోయిల్ మునిగింది. రోరీ రాలేదు. మా కిల్‌బ్రేన్ నుంచి వెళ్ళిన వాళ్ళలో ఒక్కడూ రాలేదు.

ఇప్పుడు ఆ కోల్డ్‌మూర్ మా ఊరి ముందే, సముద్రపు పాయలో, రెండు లంగరు పీపాలకు కట్టేసి ఉంది. యుద్ధం అయిపోయింది, ఇక ఓడతో పని లేదు. వసంతంలో తుక్కు కింద కోయడానికి లాక్కుపోతారు. అందాకా ఒక కాపలావాడు... అంతే.

చీకటి పడితే చాలు, ఆ ఓడ అమరం వైపు మా పడవలు పోవు. అమరం అంటే వెనక భాగం, ప్రొపెల్లర్లు ఉండే చోటు. దగ్గర దారి అదే అయినా సరే, తెడ్లు నొప్పెట్టేలా చుట్టూ తిరిగి వెళ్తారు.

ఎందుకంటే అక్కడ చప్పుడు వినిపిస్తుంది.

లోపలి నుంచి కాదు - బయటి నుంచి. నీటి మట్టానికి కాస్త పైన. ఎవరో ఇనుము మీద తడుతున్నట్టు. టక్, టక్, టక్... ఆగుతుంది. మళ్ళీ... టక్, టక్, టక్. చంద్రుడు లేని రాత్రులే. అలలు లేని రాత్రులే.

మొదటి కాపలావాడు ముసలి టార్కిల్. వారం ఉన్నాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే బూట్లు ఓడలోనే వదిలేసి, మేజోళ్ళతో ఇంటికొచ్చాడు. ఏమైందంటే ఒకటే మాట - "ఎక్కించుకోమని అడుగుతున్నారు."

ఎవరు అని ఊళ్ళో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఆర్డ్‌మోయిల్ వాళ్ళే వచ్చారని, కాపాడతానన్న ఓడ పక్కన నిలబడి తలుపు తట్టినట్టు తడుతున్నారని, చర్చి మెట్ల దగ్గరే తేల్చేశారు.

నేను దెయ్యాల్ని నమ్మను. మనిషిని పీడించడానికి మనిషే చాలు, చచ్చినవాళ్ళ దాకా పోనక్కర్లేదు. ఆ సంగతి చర్చి మెట్ల దగ్గర గట్టిగానే అన్నాను. మా డూగీ బాబాయ్ పకపకా నవ్వాడు.

"వచ్చాడండీ కామ్రేడ్! నీ పుస్తకాల్లో రాసి లేదని దెయ్యం రావడం మానేస్తుందిరా?"

ఇలా అన్నవాడే మర్నాడు వెళ్ళి ఆ కాపలా పనికి ఒప్పుకున్నాడు. ఆ చలికాలం మంచు మోకాళ్ళ దాకా పడింది, బొగ్గు దొరకలేదు. ఓడ వంటింట్లో బొగ్గు ఉంది. బాబాయ్‌కి ఆ కారణం చాలు. ఎఫీ పిన్ని మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయన కోటు జేబులో గుర్రపు నాడా ఒకటి కుట్టింది.

"ఇనుము పట్టుకో. పలక్కు," అంది.

మా పాయలో, ఆ పక్క దీవుల్లో చేపలు పట్టే ప్రతివాడికీ తెలిసిన కట్టుబాటు ఇది. రాత్రిపూట నీళ్ళ మీంచి ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకు పలక్కూడదు. రెండో పిలుపుకూ పలక్కూడదు. చేతిని చల్లని ఇనుము మీద వేసి, మూడోదాని కోసం ఆగాలి. చచ్చినవాడు రెండుసార్లే పిలవగలడు. మూడోదానికి వాడి దగ్గర ఊపిరి ఉండదు. ముందే పలికావో... నీ ఊపిరి అరువు తీసుకుంటాడు.

ఇక్కణ్ణుంచి బాబాయ్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

ఆ రాత్రి గాలి లేదు. మంచు కురిసి ఆగింది. పాయ మొత్తం నల్లగా, నూనె పోసినట్టు ఉంది. బాబాయ్ వంటింట్లో పొయ్యి ముందు కాళ్ళు చాపుకుని, ఉప్పుచేప కాల్చుకుంటున్నాడు.

టక్, టక్, టక్.

చేప తిరగేశాడు. ఓడ చలికి ముడుచుకుంటోంది అనుకున్నాడు. ఇనుము చలికి అరుస్తుంది, అందరికీ తెలిసిందే.

టక్... టక్, టక్.

ఇనుము అరిస్తే ఒక్కసారి అరుస్తుంది. ఆగి, ఆలోచించి, మళ్ళీ అరవదు.

లాంతరు తీసుకుని బయటికి వచ్చాడు. మంచు మీద తన అడుగులు తనకే వినిపిస్తున్నాయి. జలాంతర్గాముల మీద వేసే నీటి బాంబులు పెట్టే అరలు ఖాళీగా, పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. ఒక్కో అడుగూ వేస్తూ... అమరం దాకా... చివరి కటకటా దాకా వెళ్ళాడు.

చప్పుడు ఆగిపోయింది.

కింద ఏదో జారిన శబ్దం. నీళ్ళు ఒక్కసారి గుబుక్కుమన్నాయి. తర్వాత -

"ఓడలో... ఎవరన్నా ఉన్నారా?"

గుసగుస కన్నా కాస్త పైన. మన భాషలో. దీవుల యాసలో.

బాబాయ్ లాంతరు ఆర్పేశాడు. ఎందుకు ఆర్పాడో ఇప్పటికీ చెప్పలేడు. "ఇనుము పట్టుకోవాలని చెయ్యి చాపాన్రా," అన్నాడు నాతో. "చాపితే నవ్వొచ్చింది. ఓడంతా ఇనుమే కదా! ఇంత ఇనుమున్నా వచ్చాడంటే వాడికి ఇనుమంటే లెక్క లేదన్నమాట. అప్పుడు ఆగింది నవ్వు."

"ఓడలో ఎవరన్నా... అయ్యా..."

రెండోది.

పలకలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, కటకటా పట్టుకుని, మూడోదాని కోసం ఎదురుచూశాడు. అరచేతి తడి ఇనుముకు అతుక్కుపోతోంది. కింద నీళ్ళు మెల్లగా ఓడను నాకుతున్నాయి.

మూడో పిలుపు రాలేదు.

రాలేదు...

అంటే చచ్చినవాడే. పిల్లిలా లేచి, వెనక్కి తిరిగాడు. ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. వంటింటి వెలుతురు కనిపిస్తోంది. కాలిన చేప వాసన వస్తోంది...

"ఒరేయ్ దరిద్రుడా!" వెనక నుంచి, పళ్ళు టకటకలాడుతూ. "మూడోది ఇదేరా! నేనూ దీవుల్లోనే పుట్టాను, నాకూ తెలుసురా మీ లెక్క! చేతులు జారిపోతున్నాయి... తాడు వెయ్యి... లేకపోతే మాత్రం నిజంగానే దెయ్యాన్నై నీ మంచం కింద పడుకుంటా!"

దెయ్యానికి తిట్టడం చేతకాదు. బాబాయ్ తాడు వేశాడు.

పైకి లాగింది నలభై ఏళ్ళ మనిషిని. నడుం దాకా తడిసి, ఆ తడి అప్పుడే మంచుగా గట్టిపడుతోంది. చేతిలో సుత్తి - ఓడల మీద పాత పెయింటు పెచ్చులు కొట్టే చిన్న సుత్తి. దాన్ని వదలడు. వంటింట్లోకి లాక్కుపోయి, కోటు కప్పి, టీలో రమ్ము కలిపి తాగించినా వదలడు.

"ఏం చేస్తున్నావయ్యా అక్కడ?"

"పెయింటు గీకుతున్నా."

"అర్ధరాత్రి?"

"పగలు గీకనిస్తావా?"

బాబాయ్ ఆలోచించి, లేదన్నాడు.

అతని పేరు ఇన్నెస్ మెక్‌ఫీ. ఊరు మా పాయకు పడమటి దీవుల్లో. నల్లని రాత్రులు చూసుకుని, అవతలి ఒడ్డు నుంచి చిన్న పడవ వేసుకుని వచ్చేవాడు. డెస్ట్రాయర్ల అమరంలో రెండు పక్కలా ప్రొపెల్లర్లకు దెబ్బ తగలకుండా ఇనుప కమ్మీల కాపు ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. పడవను దానికి కట్టి, దానిమీదే కూర్చుని, కమ్మీ వెంట జానెడు జానెడు పెయింటు ఊడగొట్టుకుంటూ పోతున్నాడు. ఆ రాత్రి తాడు మంచు పట్టి ఊడిపోయింది, పడవ కొట్టుకుపోయింది, తాను జారాడు.

మా ఊరు ఒక చలికాలమంతా వణికిన దెయ్యం... పెయింటు గీకే మనిషి.

కథ ఇక్కడితో ఆగితే నవ్వుకుని పడుకునేవాళ్ళం.

"ఏం వెతుకుతున్నావు దాంట్లో?" అన్నాడు బాబాయ్.

"నా కొక్కెం."

"ఏ కొక్కెం?"

"ఆర్డ్‌మోయిల్ లైఫ్‌బోటుది."

బాబాయ్ టీ కప్పు కింద పెట్టేశాడు.

ఇన్నెస్ చెప్పింది నేను మర్నాడు మా ఇంట్లో అతని నోటనే విన్నాను. అమ్మ, పిన్ని కూడా విన్నారు.

టార్పిడో తగిలిన రాత్రి ఆర్డ్‌మోయిల్ నుంచి ఒక పడవ సరిగ్గా దిగింది. అందులో పన్నెండు మంది. రోరీ ఉన్నాడు. ఇన్నెస్ ముందు కూర్చున్నాడు, కొక్కెపు గెడ అతని చేతిలో. తెల్లవారుతుండగా కోల్డ్‌మూర్ వచ్చింది. కల కాదు, దూరాన పొగ కాదు. పక్కకే వచ్చింది. ఓడ పక్కన ఎక్కడానికి తాళ్ళ వలలు అప్పటికే వేలాడుతున్నాయి. ముఖాలు కనిపించాయి. పైనుంచి ఒక నావికుడు సిగరెట్ పెట్టె విసిరి, "చలి కాచుకోండ్రా, వస్తున్నాం!" అని అరిచాడు. రోరీ పట్టుకున్నాడు దాన్ని. ఇన్నెస్ గెడ చాపి, అమరం దగ్గర ఇనుప కాపును పట్టాడు.

అప్పుడు ఓడలో గంటలు మోగాయి. నీళ్ళ కింద జలాంతర్గామి చప్పుడు తగిలింది. ప్రొపెల్లర్లు తిరిగాయి. కోల్డ్‌మూర్ ముందుకు దూకింది. ఇన్నెస్ చేతిలో కర్ర మిగిలింది. కొక్కెం కమ్మీల మూలలో ఇరుక్కుని ఓడతో పోయింది.

ఇంతవరకూ నాకు కోపం లేదు. నిజంగా లేదు. జలాంతర్గామి కింద ఉండగా ఆగిన ఓడ చచ్చిన ఓడ. వెనక ఇంకా ముప్ఫై ఓడలున్నాయి. నేనే ఆ కమాండర్ స్థానంలో ఉన్నా తిప్పమనే అనేవాణ్ణేమో.

ఆ తర్వాత సంగతి వినండి.

"గాలి మాకు అనుకూలంగా ఉంది," అన్నాడు ఇన్నెస్, నేల వైపు చూస్తూ. "ఐర్లండ్ వైపు వీస్తోంది. తెరచాప ఎత్తితే మూడు నాలుగు రోజుల్లో నేల తగిలేది. ఎత్తుదామన్నాను. మీవాడు ఒప్పుకోలేదు. ఎవరూ ఒప్పుకోలేదు. కదిలితే వెతికేవాడికి దొరకం కదా. 'మాట ఇచ్చాడు, వస్తాడు' అన్నాడు మీవాడు. తెరచాప తాడు మీద కూర్చున్నాడమ్మా, ఎవరూ విప్పకుండా. ఆ పగలంతా, ఆ రాత్రంతా, మర్నాడు కూడా... ఉన్నచోటనే ఉన్నాం, తెడ్లతో పడవను నిలబెట్టుకుంటూ. ఆ తర్వాత గాలి తిరిగింది. మళ్ళీ మాకు అనుకూలం కాలేదు."

ఆ మాట లేకపోతే వాళ్ళు బతికేవారు. టార్పిడో చంపలేదు, చలి చంపలేదు. నమ్మకం చంపింది. మనకు నేర్పింది అదే కదా - నమ్మండి, వరసలో నిలబడండి, ఇది మనందరి యుద్ధం!

ఇన్నెస్ ఒక్కడే ఐర్లండ్ ఒడ్డున దొరికాడు, పద్నాలుగు రోజుల తర్వాత. ఆసుపత్రికి ఒక అధికారి వచ్చాడు. ఆకలికి మనిషికి ఓడలు కనిపిస్తాయన్నాడు. యుద్ధంలో ఓడల సంగతులు బయట వాగితే జైలన్నాడు. ఇన్నెస్ మళ్ళీ సముద్రం మీదికి పోయాడు, యుద్ధం అయ్యేదాకా.

"మా దగ్గరికి ముందే ఎందుకు రాలేదయ్యా?" అడిగింది పిన్ని.

"చేతిలో ఏమీ లేకుండా పదకొండు ఇళ్ళకు వెళ్ళి ఏం చెప్పను తల్లీ? దెయ్యం కథ చెప్పినట్టు ఉండేది."

అమ్మ కుర్చీ అతనికి దగ్గరగా జరుపుకుంది. చివరికి అడిగింది.

"నా కొడుకు ఎన్నాళ్ళున్నాడు?"

ఇన్నెస్ బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ పొయ్యి వైపు చూశాడు.

"తొమ్మిది రోజులమ్మా."

అమ్మ వేళ్ళు ముడిచింది, విప్పింది. ఆ లెక్క ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది. కళ్ళు మూసుకున్నాను.

ఓడ మునిగిన ఆరో రోజున కమాండర్ పెవెరిల్ మా ఊరొచ్చాడు. చర్చి హాల్లో తల్లులందరి ముందు టోపీ తీసి నిలబడ్డాడు. "పొద్దుగూకేదాకా వెతికాం. నీళ్ళ మీద ఎవరూ లేరు. చెక్కముక్క కూడా లేదు. బాధ పడకుండా, క్షణంలో పోయారు," అన్నాడు. అమ్మ తన వారం రేషన్ చక్కెర ఆయన టీలో వేసింది. ఆయన చెయ్యి పట్టుకుని, వెతికినందుకు దండం పెట్టింది.

"ఆయన ఆ టీ తాగుతున్నప్పుడు..." అంది అమ్మ. "అప్పటికి రోరీ బతికే ఉన్నాడు."



తిరిగి వెళ్ళలేకపోయామని ఆయన ఒక్క మాట అంటే చాలు. ఒక పడవను వదిలేశాం, ఫలానా చోట, అంటే చాలు. వెనక వచ్చే ఓడలకు కబురు అందేది. విమానం వెళ్ళేది. మా ఊరి చేపల పడవలే వెళ్ళేవి, టార్కిల్‌తో సహా! లేరని చెప్పారు కాబట్టి ఎవరూ వెతకలేదు. లేనివాళ్ళ కోసం ఎవరు వెతుకుతారు?

అదీ నా కోపం. ఓడ తిప్పినందుకు కాదు. "ఎవరూ లేరు" అన్నందుకు.

ఆ రాత్రి బాబాయ్, ఇన్నెస్, నేను పడవలో అమరం కిందికి వెళ్ళాం. లాంతరు వెలిగించలేదు. తలమీద ఓడ నల్లటి గోడలా వంగి ఉంది. ఇన్నెస్ సుత్తితో కొట్టాడు. దూరాన చేపల పడవల్లోని వాళ్ళకు వినిపించి ఉంటుంది... ఎక్కడో తెడ్లు గబగబా వెనక్కి మళ్ళిన చప్పుడు.

నావికుల అలవాటు ఒకటుంది. ఊడదీయాల్సినదాన్ని కూడా ఊడదీయరు, పెయింటు వేస్తారు. తుప్పు మీద పెయింటు, పురుగు మీద పెయింటు. ఆరేళ్ళు బూడిదరంగు పొర మీద పొర వేశారు ఆ మూలలో. ఆ ఉబ్బు ఏమిటో వేసినవాళ్ళలో కొందరికైనా తెలిసి ఉంటుంది. తెలిసే వేశారు.

ఒక పెచ్చు ఊడింది. ఇంకోటి. ఇన్నెస్ చెయ్యి ఆగిపోయింది.

"ఉంది," అన్నాడు. "బాబూ... ఉంది."

నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. వంకర తిరిగిన కొక్కెం. మెడ దగ్గర కొట్టిన అక్షరాలు - ఆర్డ్‌మోయిల్. రేవుల్లో దొంగతనాలు ఎక్కువని లైఫ్‌బోటు సామాను ప్రతి ముక్క మీదా పేరు కొట్టించేవారట. ఆ పని చేతికింద పనివాడిది. నా వేలు చీకట్లో ఆ అక్షరాల మీద పాకింది. ప్రతి అక్షరమూ ఎడమకు ఒరిగి ఉంది. మా అన్నది ఎడమచేతి వాటం. మేమిద్దరం పడుకున్న మంచం కోడు మీద వాడు చెక్కిన పేరు కూడా ఇలాగే గాలికి ఒరిగినట్టు ఉంటుంది.

చల్లని ఇనుము పట్టుకున్నాను. పలకలేకపోయాను.

"ఊడబెరుకుదామా?" అన్నాడు బాబాయ్, గొంతు తగ్గించి.

"వద్దు," అన్నాడు ఇన్నెస్. "జేబులో వేసుకుపోతే పాతసామాను కొట్లో కొన్నానంటారు. ఇది ఇక్కడ, ఈ ఓడకు గుచ్చుకుని ఉండగానే వాళ్ళు చూడాలి."

అతని మాట సబబే. సోమవారం ముగ్గురం పట్నంలో నౌకాదళం వాళ్ళ కార్యాలయానికి వెళ్ళాం. పాత దొరల కాలం కాదు ఇది. మేం ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వం, మా మనుషుల ప్రభుత్వం. ఆ ఎన్నికల్లో గోడలకు కాగితాలు అంటించి నా చేతులు పగిలాయి. "ఇక రహస్యాలుండవు, ఇక బలిపశువులుండరు" అని అరిచి నా గొంతు పోయింది. అక్కడ కూర్చున్న అధికారి నా కన్నా నాలుగేళ్ళు పెద్ద ఉంటాడేమో. శ్రద్ధగా విన్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా. లేచి ఇన్నెస్ చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని ముట్టుకోకండి. గురువారం మా మనుషులు వచ్చి ఉన్నది ఉన్నట్టు ఫోటో తీస్తారు. మీరూ ఉండండి. నేను మాట ఇస్తున్నాను."

దారిలో ఇన్నెస్ మొదటిసారి నవ్వాడు. బాబాయ్ మా ఇద్దరికీ బీరు పోయించాడు. "ఏరా కామ్రేడూ, నీ ప్రభుత్వం ఫర్వాలేదురా," అన్నాడు. నా ఛాతీ పొంగింది.

బుధవారం పొగమంచు. మధ్యాహ్నం బాబాయ్ ఒక్కడే ఓడ మీద ఉన్నాడు. ఒక పడవ వచ్చింది, గ్యాసు సిలిండర్లతో. నలుగురు మనుషులు. ఆయనకు ఒక్క మాట చెప్పలేదు. అమరం కిందికి వెళ్ళారు. నీలిమంట వెలిగింది.

"ఏం కోస్తున్నార్రా?" అని పైనుంచి అరిచాడట.

"ఆజ్ఞ, తాతా. ఊడిపోయేలా ఉంది, ప్రమాదమట."

"ఓడంతా కోతకే పోతోంది కదరా! ఆ ఒక్క ముక్కే ప్రమాదమా?"

వాళ్ళలో ఒకడు తల ఎత్తి చూసి, మళ్ళీ మంట వైపు తిరిగాడు.

ఎర్రగా కాలిన ఇనుప కమ్మీ పడవలో పడింది. కొక్కెంతో సహా. పొగమంచులో కలిసిపోయింది పడవ. బాబాయ్ ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు. టోపీ చేతిలో నలుగుతోంది. జీవితంలో మొదటిసారి నన్ను కామ్రేడ్ అనకుండా, "ఒరే నాన్నా" అన్నాడు.

గురువారం ఎవరూ రాలేదు. శుక్రవారం బాబాయ్‌ని పనిలోంచి తీసేశారు. కార్యాలయానికి వెళ్తే, చెయ్యి పట్టుకుని మాట ఇచ్చిన ఆ యువకుడు వేరే చోటికి బదిలీ అయ్యాడన్నారు. కొక్కెమా? ఏ కొక్కెం? మా దగ్గర అలాంటిదేమీ లేదే...

ఎవరూ లేరు. ఏమీ లేదు. వాళ్ళకు వచ్చిన భాష ఇంతే!

ఇన్నెస్ తన దీవికి వెళ్ళిపోయాడు. పడవ ఎక్కుతూ నాతో అన్నది ఒక్కటే - "ఈసారి నేను అరిచి అరిచి అలిసిపోయాను బాబూ. మూడోది నువ్వు పిలువు."

అందుకే ఈ కథ అచ్చు వేయించి, గ్రీనాక్ నుంచి పడమటి దీవుల దాకా ప్రతి రేవులో పంచుతున్నాను. దెయ్యం కథ అనే చదవండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో మాత్రం అమ్మ రాత్రుళ్ళు లేచి కూర్చుంటోంది. ఆరో రోజు నుంచి తొమ్మిదో రోజు దాకా, ఆ మూడు రోజులూ తన కొడుకు ఏం చేస్తుండేవాడో ఆలోచిస్తోంది. ఆ మూడు రోజుల్నీ ఆమె నుంచి దాచినవాళ్ళు బతికే ఉన్నారు. పెవెరిల్‌కు పతకం ఉంది, తోట ఉంది, పింఛను ఉంది.

కమాండర్ పెవెరిల్, ఇది మీకు. మీరు ఎందుకు తిరిగి వెళ్ళలేదని అడగడం లేదు. పన్నెండు మందిని కళ్ళారా చూసి, సిగరెట్లు విసిరి, ఆరో రోజున మా అమ్మ ముందు నిలబడి "ఎవరూ లేరు" అని ఎందుకు చెప్పారు? ఎవరు చెప్పమన్నారు? అదే చర్చి హాలుకు రండి. తల్లులందరూ కూర్చుని ఉంటారు. అక్కడ నిలబడి చెప్పండి.

శనివారం పెద్ద పోటుకు కోల్డ్‌మూర్‌ను కోతకు లాక్కెళ్ళాలని మీవాళ్ళ ఏర్పాటు. జవాబు రాకపోతే ఆ తాడు అందుకోబోమని లాగుడు పడవల వాళ్ళు మా అమ్మ ఎదుట చెప్పి వెళ్ళారు. కిల్‌బ్రేన్ పడవలన్నీ ఆ ఓడ చుట్టూ నిలబడతాయి - అమరం వైపు కూడా.

మీకు గడువు 1947 ఏప్రిల్ పద్దెనిమిది, శుక్రవారం, పొద్దుగూకేదాకా.